అప్‌డేట్: గుడ్డసంచి మీద అక్షరాలు ముడతల్లో కలిశాయి

మా చెల్లి పెళ్లికి పంచే గుడ్డసంచి ఫొటో మీద పేర్లు పెడితే స్టిక్కర్ అతికించినట్టు ఉందని మొన్న అడిగాను కదా, పని అయిపోయింది. సలహా ఇచ్చినవాళ్లందరికీ థాంక్సండీ.

ఫొటోషాప్‌లో అలల్లా వంచే వేవ్, రిపుల్ ఫిల్టర్లు పట్టుకుని రెండు రాత్రులు వేలాడటమే నా తప్పు. అవి తమ లెక్క ప్రకారం వంచుతాయి, సంచి ముడత ఎక్కడుందో వాటికేం తెలుసు! దీనికి డిస్‌ప్లేస్ ఫిల్టరే దారి, అది ఇంకో ఫొటోలోని వెలుగునీడలను మ్యాప్‌గా తీసుకుని అక్షరాలను జరుపుతుంది. సంచి ఫొటోను నలుపు తెలుపు చేసి, గాసియన్ బ్లర్‌తో కాస్త మసక చేసి, ఆ మ్యాప్ కోసం విడిగా పీఎస్‌డీగా (ఫొటోషాప్ సొంత ఫైల్) సేవ్ చేశాను. జేపీజీ ఇస్తే తీసుకోదు. ఆ మ్యాప్‌లో బూడిదరంగు విలువ 128 (నలుపుకీ తెలుపుకీ నడిమి) ఉన్నచోట అక్షరం కదలదు. అంతకంటే ముదురైతే ఒకవైపు, లేతైతే ఇంకోవైపు జరుగుతుంది. మొదటిసారి బ్లర్ ఇవ్వకపోతే నేత పోగులు కూడా లెక్కలోకొచ్చి అక్షరాల అంచులు ఎలకలు కొరికినట్టయ్యాయి. ఎంత జరపాలో చెప్పే స్కేల్ 10 పెడితే ఎక్కువైంది, 4 దగ్గర ఆగాను. అక్షరాల లేయర్‌ను ముందే స్మార్ట్ ఆబ్జెక్ట్ (ఫిల్టర్ వేసినా అసలు చెడని లేయర్) చేయబట్టి ఇన్నిసార్లు మార్చగలిగాను. చివర్లో ఆ లేయర్‌కు మల్టిప్లై (కింది ఫొటోతో కలిపి ముదురు చేసే మోడ్) పెట్టగానే ముడతల నీడలు అక్షరాల మీదా పడ్డాయి.

చెల్లికి నచ్చింది. కాకపోతే పెళ్లికొడుకు పేరులో ఒత్తు తప్పిందంటోంది, అది వేరే గొడవ.