పగలు కుట్టే దోమ మన వైపు ఎప్పుడు వచ్చింది?

ప్రశ్న: కృష్ణలంక నివాసి

మా ఇంట్లో మూడు తరాలకు మూడు జ్వరాలు గుర్తున్నాయి. తెనాలి దగ్గర పల్లెలో పెరిగిన మా నాయనమ్మకు గుర్తున్నది చలిజ్వరం. ఇంటింటికీ వచ్చి గోడలకు డీడీటీ కొట్టిపోయేవారనీ, ఆ వాసనకు తాళలేక రెండు రోజులు అరుగు మీదే పడుకునేవాళ్లమనీ ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. మా నాన్నగారికి 2006లో చికున్‌గున్యా వచ్చింది. జ్వరం వారంలో తగ్గినా మోకాళ్ల నొప్పులు ఆరు నెలల దాకా వదలలేదు. కిందటి వానాకాలంలో మా అమ్మాయికి డెంగీ వచ్చి ఐదు రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది.

అమ్మాయిని చూడటానికి వచ్చినప్పుడు నాయనమ్మ ఒక మాట అన్నది. "మా రోజుల్లో దోమలు దీపాలు పెట్టే వేళకు వచ్చేవిరా. పట్టపగలు మంచం కింద నుంచి వచ్చి కాళ్ల మీద కుట్టే ఈ చారల దోమను నేను చిన్నప్పుడు ఎరగను." పెద్దవాళ్లకు తమ కాలం కాస్త తియ్యగానే గుర్తుంటుంది కాబట్టి నేను ఆ మాటను పూర్తిగా నమ్మలేదు, అలాగని కొట్టిపారేయనూ లేకపోతున్నాను. మా వీధిలో ఒకరు ఇదంతా బుడమేరు వరద తెచ్చిన దోమ అంటారు. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్య నుంచి పోతున్నంత కాలం విజయవాడకు డెంగీ తప్పదని ఇంకొకరు తీర్మానించేశారు. ఈ దోమ నిజంగానే బయటి నుంచి వచ్చిందా? వస్తే ఏ దారిన వచ్చింది? తెలిసినవారు కాస్త వివరంగా రాయగలరు.

సమాధానం: విశ్రాంత మలేరియా ఉద్యోగి

మీ నాయనమ్మగారి మాటను నేను తేలిగ్గా తీసుకోను. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ముప్పై ఏళ్లు డిప్పర్ (నీరు ముంచి చూసే గరిటె) పట్టుకుని కుంటల్లో, గాబుల్లో లార్వాలు, అంటే దోమ పిల్ల పురుగులు, వెతికిన ఉద్యోగం నాది. ఏ దోమ ఏ నీటిలో దొరుకుతుందో ఆ ఇంటి పెద్దావిడే మాకంటే ముందు చెప్పిన సందర్భాలు చాలా ఉన్నాయి.

మనం దోమ అని ఒకే పేరుతో పిలుస్తున్నా, ఇక్కడ జబ్బులు మోసేవి వేర్వేరు జాతులు. ఒక్కొక్కదానికి ఒక్కో రకం నీరు కావాలి. నాయనమ్మగారి కాలంలో పల్లెల్లో చలిజ్వరాన్ని మోసింది అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ అనే దోమ. ఎండ తగిలే తేటనీటిలో, పంట కాలువల అంచుల్లో, ఊట గుంటల్లో గుడ్లు పెడుతుంది. మనుషులకంటే పశువుల రక్తాన్నే ఎక్కువగా కోరుతుంది, రాత్రి పూట కుడుతుంది, కడుపు నిండాక గోడ మీద వాలి కూర్చుంటుంది. మందును గోడలకు కొట్టించింది అందుకే. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి దేశంలో ఏడాదికి 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చేదనీ, 8 లక్షల మంది చనిపోయేవారనీ అంచనా. 1953లో నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టాక, 1960ల మధ్యకు కేసులు లక్ష స్థాయికి దిగివచ్చాయి. ఆ తర్వాత దోమ మందుకు లొంగకపోవడం, మనుషులు నిఘా సడలించడం రెండూ కలిసి వచ్చి, 1976లో కేసులు మళ్లీ 64 లక్షలు దాటాయి. ఆ సంఖ్య చెప్పినప్పుడల్లా మా పాత అధికారులు తల దించుకునేవారు.

సాయంత్రం మురుగు కాలువ మీద నుంచి గుంపుగా లేచి చెవి దగ్గర రొద పెట్టేది క్యూలెక్స్. గోదావరి జిల్లాల్లో బోదకాలును వ్యాపింపజేసింది అదే. దాని బంధువులు వరిచేలల్లో పెరిగి, కొంగల నుంచి, పందుల నుంచి మెదడువాపు వ్యాధిని మనుషులకు తెచ్చాయి. ఇవేవీ డెంగీని మొయ్యవు. డెంగీని కాలువల మీదకు నెట్టే మీ వీధి పెద్దమనిషికి ఈ సంగతి చెప్పండి. పారే కాలువలో డెంగీ దోమ గుడ్డు పెట్టదు.

ఇక మీరు అడిగిన చారల దోమ ఏడిస్ ఈజిప్టై. దాని పుట్టిల్లు ఆఫ్రికా. అక్కడ చెట్ల తొర్రల్లో నిలిచిన నీటిలో బతికిన ఈ దోమ, మనుషుల మట్టి కుండలకు అలవాటుపడి, బానిసల ఓడల్లోని నీటి పీపాలతో పాటు సముద్రాలు దాటింది. మన దేశంలోనూ అది ముందుగా కనిపించింది రేవు పట్టణాల్లోనే. 1914లో పనామా కాలువ తెరుచుకోబోతున్నప్పుడు, అమెరికా ఖండాల్లో ఈ దోమే మోసే ఎల్లో ఫీవర్ అనే జ్వరం ఓడలెక్కి ఆసియాకు వస్తుందేమోనని ప్రభుత్వం కంగారు పడింది. జ్వరాన్ని మోయగల దోమ అప్పటికే మన రేవుల్లో ఉండటమే ఆ కంగారుకు కారణం. ఎల్లో ఫీవర్ వైరస్ మాత్రం ఈనాటికీ మన దేశంలో వ్యాపించలేదు. దోమ రావడం వేరు, దోమ మోసే వైరస్ రావడం వేరు. ఈ రెండింటినీ విడదీస్తే మీ ప్రశ్న సగం తేలిపోతుంది.

చికున్‌గున్యానే తీసుకోండి. 1952లో టాంజానియాలో తొలిసారి గుర్తించిన ఈ జబ్బు 1963లో కలకత్తాలో, 1964లో మద్రాసులో, ఆ వెనుకే విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రిలలో బయటపడింది. ఆ ఊళ్ల పేర్లు వరుసగా చదవండి. సముద్రం, నది, రైలు దారి తప్ప వాటిలో మరొకటి కనిపించదు. 1973లో మహారాష్ట్రలోని బార్శీలో వచ్చిన తర్వాత ముప్పై రెండేళ్లపాటు దాని అలికిడి లేదు. 2005 చివర్లో తిరిగి వచ్చినప్పుడు మొదట దెబ్బతిన్న రాష్ట్రాలలో మనదీ ఒకటి. 2006లో దేశం మొత్తం మీద అనుమానిత కేసులు 14 లక్షలకు దగ్గరగా వెళ్లాయి. 1960ల నాటి వైరస్ ఆసియా రకం, రెండోసారి వచ్చింది ఆఫ్రికా రకం. దోమ మాత్రం అదే దోమ. మీ నాన్నగారిని కుట్టిన దోమ కొత్తగా వచ్చింది కాదు, దాని కడుపులోని వైరస్ కొత్తది.

నాయనమ్మగారి పల్లెలో ఆనాడు అది లేకపోవడానికి నాకు తోచే కారణం నీటి వాడకమే. ఈ దోమ మామూలుగా ఎగిరేది ఒకటి రెండు వందల మీటర్లే. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మనం మోసుకుపోతే తప్ప పోలేదు. బావి నుంచి రోజూ బిందెలతో తోడుకునే ఇంట్లో నీరు వారం రోజులు కదలకుండా ఉండదు. కుళాయి వచ్చాక నీటి నిల్వ తగ్గాలి కదా అనిపిస్తుంది, కానీ జరిగింది దానికి తలకిందులు: రోజు విడిచి రోజు గంటసేపు వచ్చే కుళాయి ప్రతి ఇంట్లోనూ డ్రమ్ము పెట్టించింది. విజయవాడలో కొండల మీద కట్టుకున్న ఇళ్లను చూడండి. నీరు పైకి ఎక్కని చోటల్లా డ్రమ్ముల వరుసలే. మీ నాయనమ్మగారిని ఒక సంగతి అడగండి: వాళ్ల ఊళ్లో డ్రమ్ములు ఎప్పుడు మొదలయ్యాయి?

సమాధానం: ఆటోనగర్ టైర్ల వ్యాపారి

పెద్దలు శాస్త్రం చెప్పారు, నేను టైరు సంగతి చెబుతాను. ఇరవై రెండేళ్లుగా ఆటోనగర్‌లో పాత టైర్లకు రీట్రెడింగ్ చేయిస్తున్నాను. కలకత్తా–చెన్నై రోడ్డు మీద తిరిగే లారీ టైరు అరిగితే ఎక్కడెక్కడి సరుకో మా షెడ్డుకు చేరుతుంది. టైరును నిలబెట్టినా, పడుకోబెట్టినా, ఎటు తిప్పినా లోపల చెంబుడు నీళ్లు నిలుస్తాయి. పూర్తిగా వంపేశామని మీరు అనుకున్నా చేయి పెట్టి చూస్తే తడి ఉంటుంది. లోపల నల్లగా, చీకటిగా, వెచ్చగా ఉండటంతో దోమకు అంతకంటే మంచి పురిటి గది దొరకదు.

ఒక ఏడాది పరీక్షకు వచ్చిన సిబ్బందితో నేను గొడవ పెట్టుకున్నాను. మూడు నెలలుగా ఎండలో పడి ఉన్న పొడి టైర్లలో దోమలేమిటని నా వాదన. వాళ్లలో ఒకాయన ఏమీ అనకుండా ఒక టైరులో బకెట్టు నీళ్లు పోయించి, రెండు రోజుల తర్వాత మళ్లీ వచ్చి టార్చి వేసి చూపించారు. పిల్ల పురుగులు తల కిందులుగా వేలాడుతూ కదులుతున్నాయి. ఆ దోమ గుడ్లు ఎండిపోయినా చావవనీ, నెలల తరబడి అతుక్కుని ఉండి తడి తగిలిన రోజున పొదుగుతాయనీ ఆయన చెప్పాకగాని, లారీ నిండా పాత టైర్లు వస్తున్నాయంటే లారీ నిండా గుడ్లు వస్తున్నట్టేనని నాకు తట్టలేదు.

తర్వాత నేనూ కొంత చదివాను. దీని తమ్ముడు లాంటి టైగర్ దోమ, అంటే ఏడిస్ ఆల్బోపిక్టస్, మన ఆసియాదే. 1985లో అమెరికాలోని హ్యూస్టన్‌లో స్థిరపడినట్టు బయటపడింది. పాత టైర్ల వ్యాపారంతోనే అక్కడికి వెళ్లిందని తేల్చారు. 1979 నాటికే అది అల్బేనియాలో, 1990 నాటికి ఇటలీలోని జెనోవాలో ఉంది. మా వ్యాపారం వల్లనే అన్నీ వచ్చాయని ఒప్పుకోను. పూల కుండీలు, కొబ్బరి బొండాల చిప్పలు, కూలర్లు మా షెడ్డులోవి కావు. కానీ ఇప్పుడు మా షెడ్డులో టైర్లన్నీ రేకుల కిందే ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. వరద సంగతి మాత్రం ఇంకా తేలలేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మా బంధువుల ఇల్లు వారం పాటు నీటిలో ఉంది. ఆ తర్వాత దోమలు విపరీతంగా పెరిగాయని వాళ్లంటారు. వరద వల్ల డెంగీ దోమ రాలేదంటే వాళ్లు నమ్మేలా లేరు.

సమాధానం: గుంటూరు జంతుశాస్త్ర అధ్యాపకురాలు

మీ బంధువులు చూసింది నిజమే కావచ్చు, కానీ వాళ్లు చూసింది ఏ దోమను అన్నదే ప్రశ్న. వరద ఉద్ధృతంగా వచ్చిన మొదటి రోజుల్లో కాలువల్లో, తొట్లలో ఉన్న లార్వాలు చాలావరకు కొట్టుకుపోతాయి. నీరు తీశాక మిగిలిన మురుగు మడుగుల్లో ముందు విజృంభించేది క్యూలెక్స్. రాత్రి నిద్ర పోనివ్వనిది అదే. ఏడిస్ వంతు ఆ తర్వాత వస్తుంది. పాడైన సామాను బయట పారేస్తారు, ట్యాంకరు నీళ్లను దొరికిన పాత్రలన్నిటిలో పట్టుకుంటారు, వాటిలో వానపడుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం నుంచి పది రోజులు, రోగిని కుట్టిన దోమలో వైరస్ ముదరడానికి మరో ఎనిమిది నుంచి పన్నెండు రోజులు, ఆ దోమ కుట్టిన మనిషికి జ్వరం బయటపడటానికి ఇంకో నాలుగు నుంచి ఏడు రోజులు పడతాయి. అందుకని వరద వల్ల డెంగీ పెరిగిందా అన్నది తేల్చుకోవాలంటే చూడవలసింది వరద వారాన్ని కాదు, నీరు తీసిన తర్వాత దాదాపు నెలకు వచ్చే జ్వరాలను.

విశ్రాంత ఉద్యోగి గారు చెప్పినదానికి ఒక చేర్పు. మన ప్రచారంలో ఏడిస్‌ను ఎప్పుడూ మంచినీటి దోమ అనే చెబుతారు. అది చాలావరకు సరైనదే అయినా, మూత సరిగా లేని సెప్టిక్ ట్యాంకుల్లోనూ ఇది పెరిగిన సందర్భాలు కొన్ని దేశాల్లో నమోదయ్యాయి. తేటనీరు దొరికినంతకాలం దాన్నే ఎంచుకుంటుంది, లేనప్పుడు సర్దుకుంటుంది. మనం ఒక్క మాటలో చెప్పిన లక్షణాన్ని దోమ పాటించవలసిన నియమంగా భావించకూడదని నేను తరగతిలో కూడా చెబుతుంటాను.

మరొకటి: రాకపోకలు ఒకవైపే సాగలేదు. మన పట్టణాల్లో బావుల్లో, మేడ మీద ట్యాంకుల్లో పెరిగి మలేరియాను మోసే అనాఫిలిస్ స్టెఫెన్సై దక్షిణాసియా, అరేబియా ప్రాంతాల దోమ. అది 2012లో ఆఫ్రికా కొసన ఉన్న జిబూటీలో కనిపించింది. తర్వాత ఇథియోపియా, సూడాన్, సోమాలియా, నైజీరియా, కెన్యాలకు పాకింది. ఆఫ్రికాలో మలేరియా ప్రధానంగా పల్లెల జబ్బు. ఈ దోమ రాకతో పట్టణాల్లోనూ దాని భయం మొదలైంది. ఆఫ్రికా ఇచ్చిన ఏడిస్ మన డ్రమ్ముల్లో ఉంది, మన వైపు స్టెఫెన్సై వాళ్ల ట్యాంకుల్లో ఉంది.

ప్రశ్న అడిగినవారు

నాయనమ్మను అడిగాను. వాళ్ల ఊళ్లో ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టింది మా చిన్నత్త పెళ్లయిన ఏడాది అట; లెక్క వేస్తే 1984. నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములు ఆ తర్వాత నాలుగైదేళ్లకు వచ్చాయి. అంతకుముందు పెరట్లో ఉన్నది ఒక్క సిమెంటు గాబు. ప్రతి శుక్రవారం ఇల్లు కడిగేటప్పుడు దాన్ని ఒంపేసి, కొబ్బరి పీచుతో పాచి పోయేదాకా తోమేవారట. దోమల కోసమా అంటే నవ్వింది. పాచి పట్టిన గాబు చూస్తే అత్తగారు ఊరుకునేది కాదట.

నిన్న మా మేడ మీది డ్రమ్మును ఒంపి చూశాను. నీటి అంచుకు కాస్త పైన లోపలి గోడ చుట్టూ మసి రాలినట్టు నల్లటి చుక్కలు వరుసగా ఉన్నాయి. నీళ్లు ఒంపేస్తే సరిపోతుందా, ఇంకేమైనా చేయాలా?

సమాధానం: విశ్రాంత మలేరియా ఉద్యోగి

ఒంపితే పోయేవి పురుగులు మాత్రమే, ఆ చుక్కలు పోవు. అవే గుడ్లు. గట్టి బ్రష్షుతో నీటి అంచు మేర లోపలి గోడంతా రుద్ది, సలసల కాగే నీళ్లు పోయండి. రుద్దిన నీటిని కాలువలోనో పూల కుండీలోనో పోయవద్దు. ఎండ పడే పొడి నేల మీద పోయండి. మూత బిగుతుగా లేకపోతే పాత ధోవతి గుడ్డ రెండు మడతలు వేసి అంచు చుట్టూ తాడుతో కట్టండి. వచ్చే శుక్రవారం మళ్లీ మేడ ఎక్కి చూసి, చుక్కలు కొత్తగా వచ్చాయో లేదో ఇక్కడ రాయండి.