తూటా కేసులో ప్రైమర్ సగం దూరి ఆగిపోతోంది, కేసు తప్పా నా చెయ్యి తప్పా?

పాలకొల్లు కుర్రోడు:
ఉండేది టెక్సస్. సంక్రాంతికి ఇంటికొచ్చానండి. అక్కడ రైఫిల్ రేంజికి వెళ్తుంటాను, తూటాలు సొంతంగా రీలోడ్ చేసుకుంటాను. అంటే పేలిపోయిన ఇత్తడి గొట్టంలో (అదే కేసు) కొత్త ప్రైమర్ (మందుని అంటించే చిన్న మూత), మందు, గుండు పెట్టి మళ్లీ తూటా చేసుకోవడం. బయల్దేరే ముందు రేంజిలో ఏరిన 5.56 సైజు రైఫిల్ తూటాల ఖాళీ కేసులు రెండొందలు మొదలెడితే, 63 మొండికేశాయి. చేతి టూలుతో నొక్కితే ప్రైమర్ సగం దూరి పక్కకి ఒరిగిపోతోంది. రెండు నలిగాయి కూడా. ప్రైమర్ కూర్చునే గుంటల్లో, అదే పాకెట్లలో, మసి గీకేశాను, అయినా అంతే. మిగతావాటిలో హాయిగా కూర్చుంది. పండగంతా బుర్ర దానిమీదే. అమ్మ పొట్టిక్కబుట్టలు పెట్టి పిలిచినా వినబళ్లేదు.

మాధవరం హవల్దారు:
ముందు నొక్కడం ఆపు బాబూ. క్యాపు, అదే నీ ప్రైమర్, పేలితే మొహం మీదే. కళ్లద్దాలు పెట్టుకుంటున్నావో లేదో రాయలేదు. ఆ ఖోకాల (మేం ఖాళీ కేసుల్ని అలా అంటాం) అడుగున ఎల్‌సి (అమెరికా లేక్ సిటీ తూటాల ఫ్యాక్టరీ ముద్ర) అనో, సున్నాలో ప్లస్ గుర్తో ఉందా? ఉంటే మిలిటరీ సరుకు. క్యాపు చుట్టూ ఇత్తడి అంచుని లోపలికి నొక్కేస్తారు, అదే క్రింపు. ఆటోమేటిక్ తుపాకీలో క్యాపు ఊడి మెకానిజంలో పడితే జామ్ అయిపోద్ది, అందుకని. పాత క్యాపు పీకేసినా ఆ అంచు అలాగే ఉంటుంది. నీ కొత్త క్యాపు దానికే తగులుకుంటోంది.
నా సర్వీసంతా ఖోకాలు లెక్కపెట్టి అప్పజెప్పడమే. ఒక్కటి తగ్గితే అందరం గడ్డిలో బోర్లా పడి వెతికేవాళ్లం.

ఆచంట లేత్:
ఆయ్, తుపాకుల సంగతి నాకు తెలీదండి, రైసుమిల్లు బేరింగులు తెలుసు. కొలతలు చూస్తే చిన్న రైఫిల్ ప్రైమర్ 0.175 అంగుళం, పాకెట్ 0.173 నుంచి 0.1745. అంటే అర థౌ నుంచి రెండు థౌలు టైటు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). ఆ టైటు ఉండాలి కదండీ, దాన్ని పోగొట్టుకోకూడదు. రీమర్ (కన్నం లోపల కోసే పనిముట్టు) పెడితే అంచు కోసుకుపోద్ది. స్వేజింగ్ అయితే కేసు లోపల కడ్డీ ఆనించి, బయటినుంచి గట్టి మొనతో ఇత్తడిని వెనక్కి తోస్తారు. కోసిన లోహం మళ్లీ రాదు, నా ఓటు స్వేజింగుకే. డ్రిల్లు బిట్టు మాత్రం ముట్టుకోకండి. ఓసారి బేరింగు కూర్చునే హౌసింగ్ టైటుగా ఉందని ఎమరీ పేపరుతో రుద్ది రుద్ది లూజు చేశాను. బేరింగు లోపలే తిరిగిపోయింది. నా ఖర్చుతో లోపల స్లీవు (తొడుగు) వేసిచ్చాను.

మాధవరం హవల్దారు:
లేత్ గారు సరిగ్గా చెప్పారు. లూజైతే గ్యాసు వెనక్కి తంతుంది. వేలితో నొక్కితే క్యాపు దిగిపోయే ఖోకాని పారెయ్యి. దిగాక క్యాపు ఖోకా అడుగు మట్టానికి 3 నుంచి 5 థౌలు లోపలుండాలి. పైకి తేలితే తుపాకీ బోల్టు మూసేటప్పుడే పేలొచ్చు.

రాజోలు రాజు:
మా తాతగారు కొల్లేటి బాతుల కోసం తూటాలు ఇంట్లోనే నింపేవారట. ఇప్పుడు ఇక్కడ చేసుకోవచ్చా?

మాధవరం హవల్దారు:
లైసెన్సు లేకుండా తూటా తయారుచేస్తే 1959 ఆయుధాల చట్టం కింద జైలుకి పోతావు. కొల్లేరు అభయారణ్యం. బాతుని చూసి రా, చాలు.

పాలకొల్లు కుర్రోడు:
రూమ్మేటుకి ఫోన్ చేసి ఫొటోలు పెట్టించాను. 63లో 58 ఎల్‌సి. మిగతా ఐదూ వేరే ముద్రలే గానీ, అంచు చుట్టూ అదే నొక్కు. అయితే ముద్ర చూసి కాదు, అంచు చూసి ఏరాలి. కళ్లద్దాలు పెట్టుకోలేదు హవల్దారు గారూ, నిజం చెప్తున్నాను. బాబాయ్‌గారూ, ఆ స్లీవు వేసిన హౌసింగు ఇంకా ఉందా? రేపు ఆచంట వస్తాను.