పెళ్లయ్యాక మీ ఒక్కరికే తెలిసిన చిన్న సరదాలు, చాదస్తాలు చెప్పండి (సరిహద్దు ఊళ్ల కోడళ్లకు ప్రత్యేకం)

పర్లాకిమిడి కోడలు:
మా పుట్టిల్లు పాతపట్నం, అత్తవారిల్లు పర్లాకిమిడి. మధ్యలో మహేంద్రతనయ నది, దానితోపాటు ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాల సరిహద్దు. ఆటో ఎక్కితే అమ్మ దగ్గర ఉంటాను కాబట్టి "నీకేమమ్మా, పక్కనే కదా" అంటారు అందరూ. కొత్త కాపురం కష్టాల మీద ఇక్కడ చాలా చర్చలు నడిచాయి, అవి ఈసారి వద్దు. ఎవరికైనా చెబితే "ఇదీ ఒక విషయమేనా" అనేంత చిన్నవి కావాలి నాకు.

ముందు నావి. అన్నం గిన్నె అడుగున పట్టిన మాడు నాది. దాని మీద కాస్త ఆవకాయ నూనె, చిటికెడు ఉప్పు. అత్తయ్య గిన్నె నానబెట్టబోతే "మీరు వెళ్లండి, నేను తోముకుంటాను" అని లాక్కుంటాను. కోడలు ఎంత పనిమంతురాలో అని ఆవిడ వీధంతా చెప్పి పెట్టారు. ఇక చాదస్తం సంగతి. ఆరేసిన బట్టల్లో ఒకే రంగు క్లిప్పులు పక్కపక్కన ఉండాలి. ఆకుపచ్చ క్లిప్పుల మధ్య ఎర్రది కనిపించిందంటే పొయ్యి మీద పాలున్నా సరే, వెళ్లి మార్చి వస్తాను.

మీవీ చెప్పండి.

రాయగడ రాగమాలిక:
క్లిప్పుల జబ్బు నాకూ ఉంది, మందు దొరికితే చెప్పండి.

మా ఇంట్లో సరుకుల చీటీ రెండు లిపుల్లో ఉంటుంది. పై సగం మామయ్యగారు ఒడియాలో రాస్తారు, కింది సగం నేను తెలుగులో రాస్తాను. కొట్టాయన రెండూ గడగడా చదివేస్తాడు. మామయ్యగారికి తెలుగు మాట్లాడటం వచ్చు కానీ చదవటం రాదు. అందుకని నా సగంలో చివరి వరుస ఎప్పుడూ నాదే. ఒకసారి కొబ్బరి లౌజు, ఒకసారి నిమ్మతొనల బిళ్లలు. సరుకులు విప్పేటప్పుడు ఆయన "ఇది మనం రాశామా?" అని అడుగుతారు. "రాశామండీ" అంటాను. అందులో అబద్ధం లేదు కదా.

మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లినప్పుడు కూడా నాకో అలవాటు. దర్శనం అయ్యాక నాగావళి వైపు నడిచి, నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూసి కానీ ఇంటికి రాను. మా పుట్టిల్లు పార్వతీపురం, ఆ నీళ్లు అటే వెళతాయి. వర్షాకాలంలో "ఇవాళ ఇక్కడ నది నిండుగా ఉంది, చూసుకోండి" అని అమ్మకు ఫోను చేస్తాను, నన్నెవరో కాపలా పెట్టినట్టు.

బరంపురం పట్టుకొమ్మ:
మాది నేతపని వాళ్ల కుటుంబం. బరంపురం పట్టులో ఆడవాళ్లకు చీర, మగవాళ్లకు జోడా (పంచె, ఉత్తరీయం) అని ఉంటాయి. అంచు మీద గుడి గోపురాల వరుస వస్తుంది. పెళ్లికి మా ఆయనకు నేయించిన జోడా ఏడాదికి ఒకసారి కూడా పెట్టె దాటి బయటికి రాదు. ఆయన ఊళ్లో లేనప్పుడు తీసి, ఉత్తరీయాన్ని శాలువాలా కప్పుకుని వంటింట్లో తిరుగుతాను. చలి ఉండాలన్న నియమమేమీ లేదు. మళ్లీ అదే మడతలో పెట్టేస్తాను.

పుట్టింటి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మా ఊళ్లో బుడీ ఠాకురాణి యాత్ర రెండేళ్లకు ఒకసారి జరుగుతుంది, 2025లో కూడా అయింది. యాత్ర రోజుల్లో అమ్మవారు గుడిలో ఉండదు. దేశిబెహరా వీధికి వస్తుంది, అది ఆమె పుట్టిల్లు. మా నేతవాళ్ల పెద్ద ఇంటి ఆడపడుచుగా వచ్చి దాదాపు నెల రోజులు ఉండి, అప్పుడు తిరిగి వెళుతుంది. పులివేషాలు, అర్ధరాత్రి దాకా జనం, అది వేరే సంబరం. నాకు అందులో పనికొచ్చిన ముక్క ఒక్కటే. "వారం రోజులు పుట్టింట్లో ఏం చేస్తావు?" అని ఎవరైనా అడిగితే, "అమ్మవారిని అడగండి" అంటాను. ఇంతవరకు ఎవరూ ఎదురు చెప్పలేదు.

పర్లాకిమిడి కోడలు:
@బరంపురం పట్టుకొమ్మ ఈ వాదన నాకు పెళ్లిలోనే ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది అక్కా!

పొరుగింటి పుల్లకూర:
మగవాళ్లు రాయవచ్చా? మా ఆవిడ సంగతి చెబుతాను. కుక్కరు కూతల్ని పైకి లెక్కపెడుతుంది. మధ్యలో ఫోను వస్తే లెక్క నాకు అప్పగిస్తుంది. నేను తప్పితే మాత్రం ఆ పూట పప్పు ఎలా ఉన్నా నేరం నాదే. ఇది ఆవిడ ఆనందమా, నా శిక్షా అన్నది సభవారే తేల్చాలి.

రాయగడ రాగమాలిక:
అన్నగారూ, వచ్చింది మంచిదే. కానీ ఇక్కడ ఎవరివి వాళ్లే చెప్పుకుంటున్నాం. మీ ఆవిడ వచ్చి తన మాట చెబితే అప్పుడు తేలుస్తాం.

గుణుపురం పెద్దమ్మ:
నేను కొత్త పెళ్లికూతురిని కాను, మనవలున్న దాన్ని. అయినా చదువుతుంటే ఊరుకోలేకపోయాను.

మా రోజుల్లో నౌపడా నుంచి గుణుపురం దాకా చిన్న రైలు ఉండేది. 1900లో పర్లాకిమిడి రాజావారి హయాంలో పర్లాకిమిడి దాకా వేసిన పట్టాలు, తరవాత మా ఊరి దాకా పొడిగించారు. నా పుట్టిల్లు టెక్కలి. బొగ్గు ఇంజను కాబట్టి కిటికీ పక్కన కూర్చుంటే నుసి అంతా తలలో పడేది. మా వారు కిటికీ మూయమనేవారు, నేను మూసేదాన్ని కాదు. టెక్కలిలో దిగగానే మా అమ్మ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, "ఇదేం తలే, కుంపటిలా ఉంది" అని తిడుతూ సన్న పళ్ల దువ్వెనతో దువ్వేది. పెళ్లయిన పిల్లకు తల్లి తల దువ్వడానికి వేరే సాకు ఏముంది చెప్పండి? ఆ నుసి నాకు అందుకే కావలసి వచ్చేది. మా వారికి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

2004లో ఆ రైలు ఆపేశారు. 2011లో పెద్ద పట్టాల మీద మళ్లీ మొదలైంది. వేగం పెరిగింది, నుసి లేదు. మంచిదే. నేను మాత్రం ఇప్పుడు కూడా కిటికీ పక్కనే కూర్చుంటాను.

బరంపురం పట్టుకొమ్మ:
పెద్దమ్మా, ఇది చదివి వెంటనే అమ్మకు ఫోను చేశాను. "ఏమైంది, ఈ వేళప్పుడు?" అని కంగారుపడింది.

మేడమీది వడియం:
అందరివీ బాగున్నాయి కానీ ఒక మాట. మీ సరదాల్లో సగానికి ఇంట్లో ఎవరూ ఉండకూడదు, లేదా వంటిల్లు మీ చేతుల్లో ఉండాలి. మాది కాశీనగరం దగ్గర ఉమ్మడి కుటుంబం. ముగ్గురు తోడికోడళ్లం, ఇద్దరు అత్తలు. మాడు ఎవరికి అన్నది మా ఇంట్లో పెద్ద రాజకీయం. తలుపు వేసుకుంటే "ఒంట్లో బాగాలేదా?" అని తడతారు. అలాంటి చోట సొంత సరదా దొరకాలంటే దానికో పని పేరు పెట్టాలి.

నా పని పేరు వడియాలు. గుమ్మడి వడియాలు పెట్టిన రోజున మేడ మీద ఎవరో ఒకరు కాపలా ఉండాలి, లేకపోతే కాకులు, కోతులు బతకనివ్వవు. మా తోడికోడళ్లకు ఎండంటే గిట్టదు. నేను గొడుగు, మంచినీళ్ల సీసా, ఫోను పట్టుకుని పైకి వెళ్లి కూర్చుంటాను. బరంపురం ఆకాశవాణి పెట్టుకుంటాను, లేదా ఏమీ పెట్టుకోను. మధ్యాహ్నం దాకా కిందికి ఎవరూ పిలవరు. పిలిచినా "వడియాలు!" అని ఒక్క కేక వేస్తే చాలు. మా ఇంట్లో వడియాలు అవసరానికి మించి ఉన్నాయి. ఎవరికైనా కావాలంటే పంపుతాను.

పొట్టంగి పొగమంచు:
నవ్వి నవ్వి కాఫీ ఒలకబోసుకున్నాను.

మాది విజయనగరం. ఆయన ఉద్యోగం వల్ల కొరాపుట్ జిల్లా పొట్టంగి వచ్చాం. ఇక్కడ చుట్టం లేదు, అత్తగారు లేరు, మాట్లాడే మనిషి కూడా తక్కువ. అందుకే నా సరదా కొండతో. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన దేవ్‌మాలి ఇటువైపే, 1,672 మీటర్లు. పొద్దున లేవగానే అది కనిపిస్తోందా, మంచులో ఉందా చూస్తాను. కనిపిస్తే ఫిల్టరు కాఫీ, కనిపించకపోతే టీ. కొరాపుట్‌లో పండే కాఫీ గింజలు తెచ్చి పొడి కొట్టించుకుంటాను కనుక కాఫీకి ఆ మాత్రం మర్యాద ఉండాలి. చలికాలంలో వరసగా టీ తాగవలసి వస్తుంది. మా ఆయన "కొండ కనిపిస్తోంది, నేను చూశాను" అని అబద్ధం చెప్పి కాఫీ పెట్టించుకున్న రోజులున్నాయి. బయటికి వచ్చి సరిచూసుకోవడం ఇప్పుడు నా రెండో అలవాటు.

సిరొంచ చెంగావి:
ఒడిశా అక్కచెల్లెళ్ల మధ్యకు మహారాష్ట్ర నుంచి దూరవచ్చా? మాది మంచిర్యాల, అత్తవారిది ప్రాణహిత అవతల సిరొంచ, గడ్చిరోలి జిల్లా.

ఇక్కడ సంక్రాంతి నుంచి రథసప్తమి దాకా హల్దీకుంకుమ పేరంటాలు. వెళ్లిన ప్రతి ఇంట్లో నువ్వుల లడ్డూ, ఒక చిన్న వస్తువు చేతిలో పెడతారు. ఆ వస్తువుల మీద నాకున్న ఆశ చెప్పుకుంటే పరువు పోతుంది. చిన్న స్టీలు డబ్బాలన్నీ పరిమాణం ప్రకారం వరసలో పేర్చి పెట్టాను, వాటిలో ఏమీ పోయను.

మరాఠీ ఇళ్లలో కొత్త కోడలు భర్త పేరును ఒక చిన్న పద్యంలో ఇమిడ్చి చెప్పాలి, దాన్ని ఉఖాణా అంటారు. మన దగ్గర గుమ్మంలో ఆడపడుచులు అడ్డం నిలబడి పేరు చెప్పిస్తే ఒక్కసారితో పోతుంది. ఇక్కడ ప్రతి పేరంటంలోనూ అడుగుతారు, ప్రతిసారీ కొత్తది కావాలి. మొదట్లో హడలిపోయేదాన్ని. ఇప్పుడు కూరలు తరుగుతూ తెలుగులో కట్టుకుంటున్నాను. మచ్చుకు ఒకటి:

వంకాయ కూరకు కొత్తిమీర అందం,
ఫలానా వారి ముక్కుకు కళ్లజోడు అందం.

ఇలాంటివి ఫోనులో బోలెడు దాచాను. ఆయనకు వినిపించలేదు. కోపం వచ్చిన రోజున కట్టినవి కొన్ని ఉన్నాయి, అవి అసలు వినిపించకూడదు.

పొరుగింటి పుల్లకూర:
కోపం వచ్చిన రోజువి ఒకటైనా చెప్పండి, మగజాతి తరఫున అడుగుతున్నాను.

సిరొంచ చెంగావి:
చెప్పను.

పర్లాకిమిడి కోడలు:
@సిరొంచ చెంగావి మీరు రావడం బాగుంది. మీకు సావిత్రి వ్రతం జ్యేష్ఠ పున్నమికి కదా? మాకు ఒడియా లెక్కన జ్యేష్ఠ అమావాస్యకు, అంటే మన తెలుగు లెక్కలో వైశాఖ అమావాస్యకు. ఇక్కడ రుబ్బురాతి పొత్రాన్నే సావిత్రీదేవిగా పూజిస్తారు. కొత్త చీర, గాజులు, మామిడి, పనస, తాటిముంజలు పుట్టింటి నుంచి రావాలి. మా తమ్ముడు పాతపట్నం నుంచి పళ్ల బుట్ట పట్టుకుని బండి మీద వస్తాడు. ఉపవాసం ఆయన కోసం, పళ్లు నా కోసం. ముంజలు మాత్రం పూజ అయ్యాక ఎవరికీ ఇవ్వను. ఆయుష్షు ఇచ్చాను కదా, ముంజలు కూడా కావాలా?

బరంపురం పట్టుకొమ్మ:
జూన్ నడిమికి రజో పండుగ వస్తుంది, దాన్ని మరిచిపోయారు! భూదేవి బహిష్టులో ఉంటుందని మూడు రోజులు నాగలి కట్టరు, ఆడవాళ్లు రుబ్బడం, దంచడం ఉండదు. నాలుగో రోజు భూదేవికి స్నానం. ఆ మూడు రోజులూ ఊయలలు, తాంబూలం, పేకాట, ముందే కాల్చి పెట్టుకున్న పొడొపిఠా అనే పిండివంట. మన తెలుగువాళ్లం ఆశ్వయుజంలో అట్లతద్దికి ఊగుతాం, అంటే నాకు ఏడాదికి రెండు ఊయల పండుగలు. పెళ్లయ్యాక ఊయల పిల్లలకు వదిలేయాలట. మా పెరట్లో మామిడిచెట్టుకు వేసిన ఊయల మీద నేను రాత్రి భోజనాలయ్యాక ఊగుతాను. మొదట ఒక్కదాన్నే వెళ్లేదాన్ని. తరవాత ఒక రాత్రి వెళ్లేసరికి మా అత్తగారు ఊగుతున్నారు. ఇప్పుడు వంతులు.

మేడమీది వడియం:
అదృష్టవంతులు. మా ఇంట్లో ఊయల వేస్తే వంతుల కోసం పంచాయతీ పెట్టాలి.

గుణుపురం పెద్దమ్మ:
పెట్టండి. నేను తీర్పు చెబుతాను. ముందు ముసలివాళ్లకు.

పర్లాకిమిడి కోడలు:
@మేడమీది వడియం, మీ పద్ధతి నాకు బాగా నచ్చింది. మా మేడ ఖాళీగానే ఉంది. గుమ్మడి వడియాలకు కొలతలు చెప్పండి.

మేడమీది వడియం:
మధ్యరకం బూడిద గుమ్మడికాయకు అరకిలో మినప్పప్పు. ముందు రోజు రాత్రి కాయను సన్నగా తరిగి, ఉప్పు, పసుపు కలిపి గుడ్డలో మూటకట్టి, పైన బరువు పెట్టండి. తెల్లారేసరికి నీరంతా దిగిపోతుంది. పప్పు నానబెట్టి, నీళ్లు తగిలించకుండా గట్టిగా రుబ్బాలి. ఆ పిండిని చేత్తో బాగా గిలకొట్టడం మా ఒడియా అత్తగారు నేర్పిన పద్ధతి. కొంచెం పిండి నీళ్లలో వేస్తే తేలాలి, అప్పుడే వడియం గుల్లగా వస్తుంది. తరవాత ముక్కలు, పచ్చిమిర్చి, అల్లం, ఇంగువ కలిపి గుడ్డ మీద పెట్టుకోవడమే.

కాకుల్ని మాత్రం పూర్తిగా తోలేయకండి. ఒకటి రెండు వడియాలు వాటికి పోనివ్వండి. ఒక్కటీ పోలేదంటే ఇంట్లోవాళ్లు కాపలా అవసరం లేదనుకుంటారు.