ఇంటి చుట్టూ ఎలుకలు, పందికొక్కులు: మందు డబ్బాలు ఎక్కడ పెట్టాలి, ఎలా పెట్టాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది తణుకు దగ్గర పల్లెటూరు. డాబా ఇల్లు, వెనకాల ఒక పాత పెంకుటిల్లు గది ఉంది, ధాన్యం బస్తాలు, కోళ్లకి నూకలు, కొబ్బరికాయలు అన్నీ అందులోనే. సార్వా కోతలు అయిన దగ్గర్నుంచి ఎలుకలు ఇంటి మీద పడ్డాయి. రాత్రయితే అటక మీద పరుగులే పరుగులు, మోటారు వైరు కొరికేశాయి, పెరట్లో గోడ పునాది పక్కన పెద్ద పెద్ద బొరియలు, వాటి ముందు మట్టి కుప్పలు. మామయ్యగారు పొలానికని తెచ్చిన నల్ల పొడి అన్నంలో కలిపి పెడితే మొదటి రాత్రి రెండు చచ్చాయి, ఆ తర్వాత ఒక్కటీ ముట్టడం లేదు. మా బాబుకి మూడేళ్లు, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటాడు. కుక్క ఉంది, కోళ్లు ఉన్నాయి. అందుకని నాకు చాలా టెన్షన్‌గా ఉంది. తాళం వేసే ప్లాస్టిక్ డబ్బాల్లో మందు పెడితే ఎలుకలు మాత్రమే తింటాయని విన్నాను. నిజంగా పని చేస్తాయా? ఎన్ని కావాలి, ఎక్కడ పెట్టాలి?

జవాబు:
నేను పెస్ట్ కంట్రోల్ పనిలో ఉన్నానండి, ఎక్కువగా గోదావరి జిల్లాల్లోనే తిరుగుతాను. పని చేస్తాయి, కానీ దానికంటే ముందు మీరు ఈరోజే చేయాల్సింది ఒకటుంది. ఆ అన్నం ఎక్కడెక్కడ పెట్టారో మామయ్యగారిని అడిగి, చేతులకి గ్లౌజులు వేసుకుని మొత్తం ఏరి, లోతుగా గుంట తీసి పాతేయండి. పెంట మీద వేయకండి, కోళ్లు తింటాయి. ఆ నల్ల పొడి జింక్ ఫాస్ఫైడ్, పొట్టలోకి వెళ్లగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది, దానికి విరుగుడు మందు లేదు. పొలంలో బొరియల్లో వేయడానికి వచ్చే 80 శాతం పొడి అది, పసిపిల్లలున్న ఇంట్లో దానికి చోటే ఉండకూడదు.

మొదటి రాత్రి తిని తర్వాత ఎందుకు మానేశాయంటే, ఆ మందు చాలా త్వరగా పని చేస్తుంది, కాస్త రుచి చూసి వదిలేసిన ఎలుకకి కడుపులో తేడా చేసి బతికి బయటపడుతుంది, ఇక ఆ జన్మలో ఆ ఎర ముట్టదు. అందుకే పొలంలో కూడా ఇది వాడేటప్పుడు ముందు రెండు రోజులు ఉత్త నూకలు పెట్టి మచ్చిక చేస్తారు.

డబ్బాల్లో పెట్టేది వేరే రకం. బ్రోమాడియోలోన్ 0.005 శాతం ఉండే మైనం కేకులు దొరుకుతాయి, అవి తీసుకోండి. అది రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది, తిన్న ఎలుక నాలుగు నుంచి ఏడు రోజులకి చస్తుంది కాబట్టి ఏం తిని చచ్చిందో మిగతావాటికి అంతుపట్టదు, అందుకే అనుమానం రాదు. దీనికి విరుగుడు ఉంది, విటమిన్ కె1. ఉంది కదా అని అజాగ్రత్తగా ఉండొద్దు, పిల్లలకి, కుక్కలకి ఇదీ విషమే. గోధుమ గింజల్లా వదులుగా వచ్చే మందు మాత్రం మీ ఇంటికి వద్దు. ఎలుక ఆ గింజల్ని నోట కరుచుకుపోయి ఎక్కడో దాచుకుంటుంది, అది రేపు కోళ్ల ముందు తేలుతుంది.

డబ్బా కొనేటప్పుడు మూడు విషయాలు చూడండి. తాళంచెవితో మాత్రమే మూత తెరుచుకోవాలి. లోపల అడ్డగోడ ఉండాలి, అంటే కన్నంలో చెయ్యి పెట్టినా మందు తగలకూడదు. కేకుని గుచ్చి ఉంచే ఇనప కడ్డీ ఉండాలి, కడ్డీకి గుచ్చి ఉంటే ఎలుక అక్కడే కూర్చుని తినాలి తప్ప బయటికి లాక్కుపోలేదు. పీవీసీ పైపు ముక్కలో మందు పెట్టినా ఎలుక వస్తుంది, కాదనను, కానీ బాబు ఆ పైపు ఎత్తి కుదిపితే కేకు చేతిలో పడుతుంది. మీ ఇంటికి పైపులు వద్దు. కొన్న డబ్బాని కూడా నేలకో గోడకో మేకులతో బిగించండి, లేదా బరువైన రాతి పలకకి స్క్రూలు వేయండి, కుక్క దొర్లించుకుపోకుండా.

ఇక ఎక్కడ పెట్టాలి అనేది. ఎలుక ఖాళీ జాగాలో నడవదు, ఒళ్లు గోడకి రాసుకుంటూ పోతుంది. అది రోజూ తిరిగే దారిలో గోడ అడుగున నల్లగా జిడ్డు చార కనిపిస్తుంది, పెంటికలు ఉంటాయి. టార్చి లైటు వేసుకుని ఆ చారలు వెతకండి. డబ్బా పొడుగు గోడకి ఆనించి, రెండు కన్నాలూ ఆ దారిలోకి వచ్చేలా పెట్టండి. పెద్ద ఎలుకలకైతే డబ్బాకీ డబ్బాకీ మధ్య 5 నుంచి 10 మీటర్లు, చిట్టెలుకలకైతే 2 నుంచి 4 మీటర్లు. చిట్టెలుక తన గూడు చుట్టూ కొద్ది దూరమే తిరుగుతుంది కాబట్టి దగ్గరగా పెట్టాలి. మీ వర్ణన బట్టి పెంకుటింటి చుట్టూ, ప్రహరీ లోపలి వైపున, కోళ్లగూడు వెనక పెడితే మొదలుకి సరిపోతుంది. అన్నీ ఇంటి బయటే. ఇంటి లోపల, అటక మీద మందు పెట్టకండి, తిన్నది పోయి ఏ బీరువా వెనకో చస్తే ఆ వాసన తట్టుకోలేరు. అటక మీదకి స్ప్రింగు బోనులు చాలు, ఎండుచేప ముక్కో కాల్చిన కొబ్బరో కట్టి పిల్లాడికి అందని చోట పెట్టండి. ధాన్యం గదిలో కూడా బోనులే, తినే గింజల పక్కన మందు ఉండకూడదు.

పునాది పక్క బొరియల సంగతి వేరు. మట్టి కుప్పలు పోశాయంటే అవి పందికొక్కులు అయ్యుండాలి. పొలంలో కోత అయ్యాక తిండి లేక గట్ల మీద నుంచి ఇళ్లకి వచ్చేవి ఎక్కువగా ఇవే. బాగా పెద్దవి మామూలు డబ్బా కన్నంలో పట్టవు. సాయంత్రం బొరియలన్నీ తడి మట్టితో మూసేయండి, పొద్దున్నే ఏవి తెరుచుకున్నాయో చూడండి, వాటిలోనే ప్రాణులున్నట్టు. అలాంటి బొరియలో వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పే ఎర వేయొచ్చు: 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు వంటనూనె, 2 పాళ్లు 0.25 శాతం బ్రోమాడియోలోన్ పొడి, కలిపి 15 గ్రాముల చొప్పున కాగితంలో పొట్లం కట్టి బొరియ లోపలికి బాగా నెట్టి మట్టితో మూసేయాలి. కానీ మీ కుక్కకి తవ్వే అలవాటు ఉంటే ఇది చేయకండి. మీ చుట్టుపక్కల పొలాల్లో వెదురు బుట్టలు పెట్టి ఎలుకలు పట్టేవాళ్లు ఉంటారు కదా, వాళ్లని పిలవండి, అసలు మందే అక్కర్లేకుండా పట్టేస్తారు, నన్నడిగితే పసిపిల్లలున్న ఇంటికి అదే మేలు.

మళ్లీ అడుగుతున్నాను:
చాలా థాంక్సండీ, అన్నం మొత్తం తీసి పాతేశాం. డబ్బాలు కూడా తెప్పించి పెట్టాం, నాలుగు రోజులైంది, ఒక్క కేకూ కొరకలేదు. చోటు మార్చాలా? మందు మార్చాలా?

జవాబు:
రెండూ వద్దు. ఎలుకకి కొత్త వస్తువంటే భయం, తన దారిలో నిన్న లేని డబ్బా ఈరోజు కనిపిస్తే కొన్ని రోజులు పక్క నుంచి తప్పుకుపోతుంది. మీరు చోటు మార్చిన ప్రతిసారీ అది మళ్లీ కొత్త వస్తువే అవుతుంది. వారం పది రోజులు అక్కడే ఉండనివ్వండి. కన్నం ముందు కాసిని ఉత్త నూకలు చల్లితే అలవాటు పడతాయి అంటారు కానీ మీకు కోళ్లున్నాయి కాబట్టి వద్దు.

నేను అడగాల్సింది ఇంకొకటి. ధాన్యం గది ఎలా ఉంది? బస్తాలు నేల మీదే ఉంటే, నూకల డబ్బాకి మూత లేకపోతే, సాయంత్రం కోళ్లకి వేసిన మేత మిగిలి అలాగే పడి ఉంటే, అంత తిండి చుట్టూ పెట్టుకుని ఎలుక మీ మైనం కేకు ఎందుకు తింటుంది? డబ్బా పని చేయడం లేదని నన్ను పిలిచే ఇళ్లలో ఎక్కువ చోట్ల ఇదే కారణం. ఒక పెద్ద ఎలుక రోజుకి 20 గ్రాముల పైనే తింటుంది, అది ఎక్కడా దొరక్కుండా చేస్తేనే డబ్బా దగ్గరికి వస్తుంది. బస్తాలు చెక్క దిమ్మెల మీద, గోడకి అడుగు దూరంలో పెట్టండి, వెనక్కి మనిషి తొంగి చూడగలగాలి. నూకలు రేకు డబ్బాలో. కోళ్ల మేత చీకటి పడకముందే ఎత్తేయండి. కుక్క గిన్నె కూడా. కొబ్బరిమట్టలు పెంకుల మీదకి వాలితే నరికించండి, ఎలుకలకి అవే వంతెన. చెట్టు మొదలుకి మనిషెత్తు దాటాక నున్నటి రేకు పట్టీ చుడితే పైకి ఎక్కలేవు, మట్టల్లో గూళ్లు పెట్టవు, కొబ్బరి పిందెలు కూడా దక్కుతాయి.

ఇంకొకరు:
పశువుల డాక్టర్ని. కుక్క విషయం చెప్పాలని రాస్తున్నాను. బ్రోమాడియోలోన్ తిన్న కుక్క ఆ రోజు మామూలుగానే ఉంటుంది, తోక ఊపుతుంది, అన్నం తింటుంది. మూడు నుంచి ఐదు రోజులకి నీరసం, చిగుళ్లు పాలిపోవడం, దగ్గు, ముక్కులోంచో మలంలోనో రక్తం. అప్పుడు తీసుకొస్తే చాలా కష్టం. తిన్నదని అనుమానం వచ్చిన గంటలోనే తీసుకురండి, మందు కవరు కూడా తేవాలి, అందులో ఏముందో తెలియకుండా వైద్యం చేయలేం. విటమిన్ కె1 వారాల తరబడి ఇవ్వాల్సి ఉంటుంది, రెండు రోజులు బాగుందని ఆపేస్తే మళ్లీ రక్తస్రావం మొదలవుతుంది. షాపులో కె3 ఇంజెక్షన్ ఇస్తారు, ఈ విషానికి అది పనికిరాదు, దయచేసి దానితో రోజులు గడపకండి. చచ్చిన ఎలుకల్ని తిన్న కుక్కలకి, పిల్లులకి, గుడ్లగూబలకి కూడా ఈ విషం ఎక్కుతుంది. మీ పొలాల్లో రాత్రిళ్లు ఎలుకల్ని తినేవి ఆ గుడ్లగూబలే. కాబట్టి రోజూ పొద్దున్నే చుట్టూ చూసి చచ్చినవాటిని ఏరి లోతుగా పాతండి.

మనుషుల సంగతి కూడా ఒక మాట. ట్యూబులో వచ్చే ఎలుకల పేస్టు ఏ ఇంట్లోకీ తేవద్దు. అది పసుపు భాస్వరం, చూడ్డానికి టూత్‌పేస్టులా ఉంటుంది. నోట్లోకి పోయాక ఒకటి రెండు రోజులు బాగానే ఉన్నట్టుండి ఆ తర్వాత కాలేయం దెబ్బతింటుంది, విరుగుడు లేదు. ఏ ఎలుకల మందైనా పిల్లల నోట్లోకి పోయిందనిపిస్తే వాంతి చేయించే ప్రయత్నాలు చేయకుండా, బాగానే ఉన్నాడు కదా అని ఆగకుండా, ప్యాకెట్టు పట్టుకుని 108లో ఆసుపత్రికి వెళ్లాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లో విషాల సమాచార కేంద్రం ఉంది, 1800 116 117కి ఫోన్ చేస్తే డబ్బులు పడవు.

వేరొకరు:
అన్నా, మాది హైదరాబాద్, అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు. చిన్న చిన్న ఎలుకలు వంటింట్లోకి వస్తున్నయి. ఫాల్స్ సీలింగ్ పైన ఒక డబ్బా పెట్టొచ్చా?

జవాబు:
వద్దు తమ్ముడూ, పైన చస్తే సీలింగ్ విప్పాల్సి వస్తుంది. మీకు కావాల్సింది మందు కాదు, కన్నాలు మూయడం. చిట్టెలుకకి 6 మిల్లీమీటర్ల సందు చాలు, పెన్సిల్ మందం కూడా ఉండదు. సింకు కింద పైపు గోడలోకి పోయే చోటు, వాషింగ్ మెషీన్ నీళ్ల పైపు, ఏసీ పైపు కన్నం, డక్ట్ వైపు కిటికీ, ఈ నాలుగూ చూడు. గిన్నెలు తోమే స్టీలు పీచు గట్టిగా కుక్కి పైన సిమెంటు పెట్టు. ఉత్త థర్మోకోలు, ఫోమ్ అయితే ఒక్క రాత్రిలో కొరికేస్తాయి. లోపల ఉండిపోయినవాటికి గోడవార చిన్న స్ప్రింగు బోనులు. జిగురు అట్టలు వాడకు, వాటికి అతుక్కుని గంటల తరబడి కొట్టుకుంటుంది, అది చూడలేం, చేయకూడదు కూడా. మూతి పొడుగ్గా ఉండి కంపు కొడుతూ కీచుమని అరిచేది కనిపిస్తే అది చుంచు, పురుగుల్ని తింటుంది, దాన్ని బయటికి తోలితే చాలు.

ప్రశ్న అడిగినవారు:
బస్తాలు దిమ్మెల మీదకి ఎక్కించాం, మేత ఎత్తేస్తున్నాం. ఇప్పుడు కేకులు కొరుకుతున్నాయి! బుట్టలవాళ్లు కూడా వచ్చి పెరట్లో పందికొక్కుల్ని పట్టుకెళ్లారు. గదిలో పెంటికలు ఊడ్చేయొచ్చా? డబ్బాలు ఎప్పుడు తీసేయాలి?

జవాబు:
పొడిగా ఊడవకండి, ఆ దుమ్ము పీల్చకూడదు. ఒక పాలు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి చల్లి, ఐదు నిమిషాలు నాననిచ్చి, గ్లౌజులు, మాస్కు వేసుకుని పాత గుడ్డతో ఎత్తి పాతేయండి. ఎలుక మూత్రం వల్ల వచ్చే ఎలుక జ్వరం, అదే లెప్టోస్పైరోసిస్, వానల్లో ఎక్కువ కాబట్టి తడి నేల మీద వట్టి కాళ్లతో తిరగడం, కాలికి పుండు ఉన్నప్పుడు మరీ, తగ్గించండి.

కేకులు మూడు నాలుగు రోజులకోసారి చూడండి. తిన్నంత మేర మళ్లీ నింపాలి, డబ్బా ఖాళీగా ఉంటే చావాల్సినవి కూడా బతికిపోతాయి. బూజు పట్టినవి, తడిసినవి మార్చేయండి. రెండు వారాలు వరసగా ఎక్కడా కొరకకపోతే కేకులు తీసేయండి, ఏడాది పొడుగునా మందు పెట్టి ఉంచడం మంచిది కాదు, గుడ్లగూబల గురించి డాక్టరుగారు చెప్పారు కదా. ఖాళీ డబ్బాలు మాత్రం అక్కడే ఉంచండి, ఎలుకలకి అలవాటై ఉంటాయి. మిగిలిన కేకులు వాటి ప్యాకెట్లోనే, బీరువాలో పైన, తాళం వేసి. మళ్లీ దాళ్వా కోతలు ఏప్రిల్లో మొదలవుతాయి కదా, యంత్రం పొలంలోకి దిగే వారం ముందు ఒకసారి టార్చి వేసి చారలు చూసి, పెంటికలు కనిపిస్తేనే కేకులు గుచ్చండి.