పాపకి బడి రోజులు చాలా పోతున్నాయి, ఓపెన్ స్కూల్‌లో చేర్చమంటారా?

అందరికీ నమస్కారం. మాది వరంగల్. మా పాప సీబీఎస్ఈ స్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది. తనకి తలసీమియా అనే రక్తానికి సంబంధించిన జబ్బు ఉంది. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించడానికి హైదరాబాద్ వెళ్లాలి. వెళ్లిన రోజు, తర్వాత నీరసంతో ఇంకో రోజు పోతాయి. మధ్యలో జ్వరం వస్తే వారమంతా ఇంట్లోనే. ఈ ఏడాది హాజరు 60 శాతం కూడా దాటేలా లేదు. పదో తరగతి పరీక్షకి 75 శాతం ఉండాలి కదా, అదే టెన్షన్. జబ్బు కారణంగా మినహాయింపు అడగొచ్చు. తలసీమియా 2016 వికలాంగుల హక్కుల చట్టంలోనూ ఉంది. కానీ స్కూల్ వాళ్లు "వేరే దారి చూసుకోండి" అంటున్నారు. ఆ మాట పాప ముందే అన్నారు. ఆ రాత్రి అన్నం తినలేదు నా బిడ్డ.

రోజూ బడికి వెళ్లకుండా చదువుకునే కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ ఎన్ఐఓఎస్‌లో చేర్పిద్దామా అని ఆలోచిస్తున్నాం. అక్కడ ఐదు సబ్జెక్టులు చాలు, ఐదేళ్లలో తొమ్మిది సార్లు రాసే వీలుంది. తెలంగాణ ఓపెన్ స్కూల్ కూడా ఉంది. రెండింటిలో ఏది మేలు? అలా పది పాసై మామూలు కాలేజీలో ఇంటర్ బైపీసీ చేరిన పిల్లలు మీకు తెలుసా? అడ్మిషన్ దగ్గర ఇబ్బంది పెట్టారా?

పాపకి మాత్రం స్నేహితులని వదలడం ఇష్టం లేదు. ఉన్న స్కూల్లోనే మినహాయింపు తెచ్చుకున్నవాళ్లు ఉంటే, ఏ కాగితాలు ఇచ్చారో, ఎప్పుడు ఇచ్చారో దయచేసి చెప్పండి.