పేరు నమోదు చేయించుకుంటే నిజంగా లాభమేనా? అనుభవాలు చెప్పండి

తాపీపని: కాంట్రాక్టర్ ఈసారి అందరి పేర్లూ సామాజిక బీమాలో నమోదు చేయిస్తానంటున్నాడు. చేతికొచ్చే కూలీలో కోత పడుతుందని మావాళ్ళు వెనకాడుతున్నారు. దెబ్బ తగిలినప్పుడో, పని ఆగినప్పుడో ఎవరికైనా ఏమైనా అందిందా?

సూదీదారం: మాకు ఆ బేరం కూడా లేదు. ఇంట్లో కుట్టిస్తే ముక్కకింత. దారం, కరెంటు, మిషను రిపేరు మా నెత్తినే. కాలర్ వంకరగా ఉందని కట్ట తిప్పి పంపితే ఆ కూలీ గోవిందా. మాలాంటివాళ్ళ కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) 1996లోనే 177వ ఒప్పందం తెచ్చింది. దాన్ని ఆమోదించిన దేశాలు ఎన్నని?

లెక్కలమాస్టారు: ఈ రంగంలో పనిచేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. 2018 ఐఎల్‌ఓ లెక్కలో ఇలా నమోదు, రక్షణ లేని అసంఘటిత పనుల్లో ఉన్నవాళ్ళు ప్రపంచంలో 200 కోట్లు. వ్యవసాయంలో పనిచేసేవాళ్ళలో 90 శాతం పైనే, పరిశ్రమల్లో 57, సేవల్లో 47 శాతం ఇలాంటివాళ్ళే. ముందు ఇలాంటి పనుల్ని నమోదైన పనులుగా మార్చడం గురించి ఐఎల్‌ఓ ఇచ్చిన 2015 నాటి 204వ సిఫారసు చదివి రండి, తర్వాత మాట్లాడదాం.

రెండుచక్రాలు: చదివొచ్చేలోపు నా ఐడీ బ్లాక్ అయిపోతుంది మాస్టారూ. యాప్ కంపెనీకి బండి నడుపుతా, పేరుకి 'పార్ట్‌నర్'ని. బండి నాది, పెట్రోలు నాది, కింద పడితే ఆసుపత్రి బిల్లూ నాదే. ఐడీ ఎందుకు ఆపారని అడిగితే చాట్‌లో మిషను పలుకుతుంది.

పూలకుండీ: అందరూ అలా ఉండరండీ. మా పనమ్మాయిని ఇంట్లో మనిషిలాగే చూసుకుంటాం. కాగితాలెందుకు?

వంటింటిమనిషి: వారానికో రోజు సెలవుందా అమ్మా?

పూలకుండీ: అడిగితే కాదనం.

వంటింటిమనిషి: అడిగితేనా! ఇంటిపనివాళ్ళ కోసం ఐఎల్‌ఓ తెచ్చిన 2011 నాటి 189వ ఒప్పందం ప్రకారం వారానికి ఏకబిగిన 24 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. నేనూ ఒక ఇంట్లో 'ఇంటి మనిషి'నే. కాలు బెణికి రాకపోతే జీతం కోశారు.

పూలకుండీ: నేను కోశానా? ఇలా మాట్లాడితే రేపు ఎవరినైనా పెట్టుకోవాలన్నా భయమే.

సూదీదారం: మాకేమో పని పోతుందని టెన్షన్, మీకేమో ఒక్క సెలవుకే భయం!

లెక్కలమాస్టారు: ఆవేశం వద్దు. దేశం ఆమోదించకపోతే ఒప్పందం ఎవరినీ కట్టిపడేయదు.

వంటింటిమనిషి: సరే, మీ ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడకి సెలవెప్పుడు మాస్టారూ?

అద్దాలుతుడుస్తా: ఆయన చెప్పడులే. నా సంగతి వినండి. గేటు మీద పెద్ద కంపెనీ బోర్డు, నా జీతం మాత్రం కాంట్రాక్టర్ జేబులోంచి క్యాష్. స్లిప్పు లేదు, బీమా లేదు. బోర్డు చూసి బ్యాంకువాళ్ళు లోన్ ఇస్తారా?

చిన్నషాపు: యజమానుల బాధ కూడా వినండి. నమోదంటే నాలుగు ఆఫీసుల చుట్టూ తిరగాలి. బ్రెజిల్‌లో 2009 నుంచి సొంతంగా చిన్న పని చేసుకునేవాళ్ళకి పన్ను, సామాజిక బీమా కలిపి నెలకి ఒకటే చెల్లింపు. అలా పెడితే నేనే ముందు వరసలో ఉంటా.

రెండుచక్రాలు: మీ దగ్గర పనిచేసే కుర్రాళ్ళని కూడా ఎక్కిస్తారా, మీరొక్కరేనా?

రాడ్‌బెండింగ్: తాపీపని అన్నా, నీ ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. నమోదు చేయించుకో. కానీ కోత పడిన ప్రతి నెలా నీ ఖాతాలో జమైందో లేదో నువ్వే చూసుకో. నా దగ్గర కోశాడు, కట్టలేదు. చెయ్యి విరిగాక ఆఫీసుకెళ్తే ఖాతా ఖాళీ.

తాపీపని: మరి వాడు కట్టకపోతే ఎవరిని పట్టుకోవాలి?

రాడ్‌బెండింగ్: పని ఇచ్చిన అసలు కంపెనీని. హాజరు పుస్తకం పేజీలు ఇప్పటినుంచే ఫోన్లో ఫోటో తీసి పెట్టుకో.