అప్‌డేట్: ట్యాలీ, జీఎస్టీ పనికి మినీ పీసీ – చివరికి ఏది తీసుకున్నామంటే

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ముగిసింది, మా అకౌంట్స్ ఆఫీసులోని పాత టవర్ పీసీ (పెద్ద క్యాబినెట్ కంప్యూటర్) విండోస్ 11 తీసుకోదు, దాని స్థానంలో చిన్న డెస్క్‌టాప్ ఏది కొనాలి అని ఇక్కడే అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

ఇంటెల్ ఎన్100 (తక్కువ కరెంటుతో నడిచే ప్రాసెసర్) ఉన్న మినీ పీసీ తీసుకున్నాం. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ. ట్యాలీ, పెద్ద ఎక్సెల్ షీట్లు, జీఎస్టీ పోర్టల్ అన్నీ ఒకేసారి తెరిచినా ఆగడం లేదు. జవాబుల్లో వచ్చిన "ఐ5 లాంటి పెద్ద ప్రాసెసర్ కోసం చూడకండి, ముందు ర్యామ్ చూడండి. వీటిలో ఎక్కువగా ర్యామ్ స్లాట్ ఒక్కటే, తర్వాత ఇంకోటి వేయలేరు" అన్న సలహానే మాకు పనికొచ్చింది.

అసలు టెన్షన్ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌తోనే. దానికి ప్యారలల్ పోర్టే (పాతకాలపు వెడల్పాటి ప్రింటర్ కనెక్షన్) ఉంది, ఈ చిన్న డబ్బాలో అది లేదు. యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కి మార్చే కేబుల్ వేశాం, బిల్లులు మునుపటిలాగే వస్తున్నాయి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌కి (ఆన్‌లైన్‌లో సంతకం చేయడానికి పెట్టే యూఎస్‌బీ పరికరం) కొత్త పీసీలో డ్రైవర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి, మర్చిపోకండి.

జవాబుల్లో గ్రాఫిక్స్ కార్డు గురించి జరిగిన చర్చంతా మా పనికి అవసరం పడలేదు. రెండు మానిటర్లు హెచ్‌డీఎంఐ మీదే నడుస్తున్నాయి. ఇంకొకటి, ఎవరూ చెప్పనిది: కరెంటు పోతే అదే పాత యూపీఎస్ మీద ఇది టవర్ కంటే చాలాసేపు నిలుస్తోంది.